కుంటలో ముడి వేసిన నివ్వరి

అడవి వరుల మధ్య ఏళ్ల తరబడి వంగి లేచి నడుము పోగొట్టుకున్నాను గానీ, వాటి మీద ప్రేమ పుట్టిందని మాత్రం చెప్పలేను. జగిత్యాల దగ్గర వరి మీద పరిశోధన చేసే పొలం ఒకటుంది. అందులో నాది కాంట్రాక్టు ఉద్యోగం. కోరుట్లలో ఒక గది అద్దెకు తీసుకుని రోజూ బస్సులో పోయి వస్తాను. మనిషి ఎన్నడూ నాటని, నాటినా మాట వినని వరిజాతుల్ని కుండీల్లో పెంచి ఒకదానితో ఒకటి పోల్చడం నా పని. ఏది ఎంత ఎత్తు పెరిగింది, కంకికి ఎంత పొడుగు మీసం వచ్చింది, గింజ ఎప్పుడు రాలింది, పురుగు దేన్ని ముట్టింది, దేన్ని ముట్టలేదు, ఇవన్నీ చూడాలి.

అసలు వెతుకులాట ఆ చివరిదాని కోసమే. ఉల్లికోడు అని వరికి పట్టే ఈగ ఒకటుంది. అది సోకిన పిలకలోంచి కంకి రాదు, ఉల్లికాడలాంటి తెల్లటి గొట్టం వస్తుంది. మా వైపు రైతు ముందు దాని పేరెత్తితే చాలు, ముఖం మాడిపోతుంది. ఆ ఈగను తట్టుకునే గుణం అడవి జాతుల్లో ఎక్కడైనా ఉంటే దాన్ని పొలం వరిలోకి తేవచ్చని మా మేడం ఆశ. ఆమె శాస్త్రవేత్త. మంచి మనిషే, కాకపోతే ఎండలో పనికి దిగితే నీడ అనేది ఒకటుందన్న సంగతి కూడా మరిచిపోతుంది.

కుండీల్లో ఐదు రకాలు ఉండేవి. ఒకటి లోతు నీళ్లది. కణుపు కణుపుకూ వేళ్లు వేసుకుని నీళ్ల మీద తేలుతుంది, ఏళ్లకేళ్లు చావదు, గింజ మాత్రం పిసినారి దానం చేసినట్టు పెడుతుంది. రెండోది ఆఫ్రికా నుంచి వచ్చింది. గరికలా మట్టి కింద పాకుతుంది, కుండీ పగిలేదాకా ఊరుకోదు. మూడోదీ అక్కడిదే గానీ, చూస్తే వరి అని ఎవరూ అనరు. పొట్టి గడ్డి, సన్నటి గింజ, గింజకు ఎన్నో రెట్ల పొడుగు మీసం. నాలుగోది అడవిలో చెట్ల నీడన పెరిగేది. వెడల్పాటి ఆకులు, కాస్త ఎండ తగిలితే చాలు అలుగుతుంది. దానికి నా పాత చీర ఒకటి పందిరిగా కట్టాను. చెల్లెలి పిల్లలకు కూడా ఇంత సేవ చేసి ఉండను. ఐదోది మా ఊరిది.

మా ఊరు కోరుట్ల నుంచి కథలాపూర్ పోయే దారిలో, రోడ్డు వదిలి లోపలికి ఉంటుంది. ఊరవతల లోతు లేని కుంట ఉంది. వానకాలంలో దాని అంచున, మోకాలి లోతు నీళ్లలో, ఎవరూ విత్తకుండానే మొలిచే వరి అది. చదువుకున్నవాళ్లు నివ్వరి అంటారు. మా అమ్మను మేం అవ్వ అని పిలుస్తాం; మా అవ్వ దాన్ని గడ్డివడ్లు అంటుంది. భూమి లేని మాలాంటి ఇళ్లకు అదొక పంట. కూలి దొరకని రోజుల్లో అదే అన్నం. ఎర్రటి బియ్యం, దంచితే సగం తౌడు. వేడివేడిగా ఉన్నప్పుడు మింగేయాలి, చల్లారిందంటే గట్టిపడిపోయేది. "తినుండ్రి, తినుండ్రి, సల్లారితె గొంతు దిగది" అని అవ్వ నన్నూ చెల్లెల్నీ తరిమి తరిమి తినిపించేది.

ఆ గింజతో ఒక చిక్కుంది. పండీ పండగానే రాలిపోతుంది. కొడవలి తగిలిందా, నీళ్లపాలే. అందుకే గింజ ఇంకా పాల మీద ఉండగానే ఆడవాళ్లు కుంటలో దిగి, దగ్గర దగ్గరగా ఉన్న నాలుగైదు కంకుల్ని ఒక్కచోటికి తీసి, మీసాలు మెలిపెట్టి, గుడ్డ పీలికతో ముడి వేసేవాళ్లు. ఆ తర్వాత పండిన గింజ రాలినా ముడిలోనే చిక్కుకుని ఉంటుంది. కింద చాట పట్టి ముడిని విదిలిస్తే చాలు. ముడి ఎవరు వేస్తే గింజ వాళ్లది. దానికి పట్టా లేదు, పహాణీ లేదు, పీలిక రంగే హక్కు. ఆ కుంట గట్టు మీద జుట్లు పట్టుకుని కొట్లాడుకున్న ఆడవాళ్లను చూశాను గానీ, ఒకరి ముడి మరొకరు విప్పారన్న మాట మాత్రం ఎన్నడూ వినలేదు.

తినగా మిగిలింది వేములవాడ పోయేది. అక్కడ గుడి దగ్గరి పూజారుల ఇళ్లలో ఋషిపంచమి నాడు ఆడవాళ్లు దున్నని నేలలో పండిందే తినాలట. ఆ నియమం కోసం మా గడ్డివడ్లు కొనేవాళ్లు. అవ్వ ఆ మాట చెప్పి నవ్వేది. "వాళ్లకు ఏడాదికొక్క పంచమి, మనకు ఏడాదంత పంచమే" అనేది.

నేను వ్యవసాయ డిప్లొమా చదివి ఈ పనిలో చేరి, చేసేదేమిటో చెప్పిన రోజు అవ్వ నా ముఖంలోకి చాలాసేపు చూసింది.

"గా గడ్డి తినే బతుకు పోవాల్నని నిన్ను సదివిపిస్తె, మల్ల గా గడ్డి కాడికే పోతివా?"

"తినుటానికి కాదవ్వా. అన్ని తీర్ల గడ్డివడ్లు పక్కపక్కన పెట్టి ఏది మంచిదో సూసుటానికి."

"అండ్ల సూసుడేముందే? అన్ని గడ్డే గదా."

కాదని వాదించే ఓపిక నాకు లేకపోయింది. నిజం చెప్పొద్దూ, ఒళ్లు హూనమైన సాయంత్రాల్లో నాకూ అన్నీ గడ్డిలాగే కనిపించేవి.

అలాంటిది, ఉల్లికోడు విరగబడ్డ ఒక వానకాలం, కుండీల ముందు గొంతుక్కూర్చుని పిలకలు విప్పి చూస్తుంటే నాకు ఒళ్లు ఝల్లుమంది. పోలిక కోసం పెట్టిన పొలం వరి నిండా తెల్లగొట్టాలే. తేలే వరికీ తగిలింది. నీడ వరికి అక్కడక్కడా కనిపించింది. మా కుంట గడ్డికి ఒక్కటి లేదు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ మొదటి కుండీ నుంచి చూశాను. లేదు. ఆ పూట బస్సులో సీటు దొరక్కపోయినా నాకు కోపం రాలేదు. ఊళ్లో ఎవరైనా "గడ్డి తిని పెరిగినోళ్లు" అని మమ్మల్ని ఎత్తిపొడిచిన మాటలన్నీ గుర్తొచ్చి, ఇప్పుడు చెప్పండ్రా అనిపించింది.

ఆ రోజు నుంచి ఈ ఉద్యోగంలో నాకు ఒక్కటే కోరిక మిగిలింది. ఐదింటి పోలిక పూర్తయి పైఅధికారులకు పోయేనాటికి అందులో మా కుంట వరి ఉండాలి. ఒక్క కాలం ఫలితం చెల్లదు, రెండోసారి కూడా నిలబడి చూపించాలి. దానికి గింజ కావాలి.

గింజ రాలిపోకుండా కంకులకు తొడిగే నూలు సంచులు నేను సిరిసిల్ల నుంచి తెచ్చుకుంటాను. చెల్లెలు అక్కడే ఉంటుంది. దాని భర్త మరమగ్గాల మీద పని చేస్తాడు. సాంచాలంటారు వాటిని. గోడకు అటు సాంచాలు, ఇటు కాపురం. అవ్వ కూడా వాళ్ల దగ్గరే ఉంటుంది, ఊరికే కూర్చోలేక చీరల అంచులు కత్తిరించే పని పెట్టుకుంది. ఆ కత్తిరించిన పీలికలు ఆ ఇంట్లో ఎక్కడ చూసినా ఉంటాయి. కొత్తిమీర కట్టకూ అదే, గ్యాస్ పైపుకూ అదే, మనవరాలి జడకూ అదే.

సంచులు తొడిగాను, కట్టాను, అన్నీ సరిగ్గానే చేశాను. గింజ గట్టిపడే సమయంలో గాలివాన వచ్చింది. సంచులు తడిసి బరువెక్కి కాడలు విరిగి బురదలో పడ్డాయి. ఏరుకోగలిగిన పిడికెడు గింజ ఈ ఏడు మొలవనే లేదు. మొండి గింజ అది, దానికి బుద్ధి పుడితేనే మొలుస్తుంది. నాకు ఏడుపు కూడా రాలేదు, అంత విసిగిపోయి ఉన్నాను.

"కుంటలోంచి మళ్లీ తీసుకురా" అన్నారు మేడం. "ఒక్కో మొక్క గింజ ఒక్కో కవర్లో వేయాలి. ఏ మొక్కదో తెలియని గింజ నాకు పనికిరాదు. యాసంగిలో వల గదిలో ఈగల్ని వదిలి చూద్దాం, దాంతో పోలిక పూర్తవుతుంది. అది రాకపోతే నాలుగింటితోనే ముగించేద్దాం."

యాసంగితో ప్రాజెక్టు కూడా అయిపోతుంది. నా కాంట్రాక్టూ అంతే. గింజ వచ్చినా రాకపోయినా మార్చి తర్వాత నాకు పని లేదు. ఇంకో సంగతి కూడా ఉంది. వచ్చే ఎండాకాలం మా కుంటలో పూడిక తీస్తారని ఊళ్లో అనుకుంటున్నారు. లోతు చేస్తే బావుల్లో నీళ్లు ఊరుతాయి, రైతులకు మంచిదే, కాదనడానికి నేనెవర్ని. కానీ నివ్వరి మొలిచేది ఆ లోతు లేని అంచునే. అంచు పోతే అదీ పోతుంది. అంటే ఈసారి దొరకకపోతే మరి దొరకదు.

దసరా తర్వాత ఒక ఆదివారం సిరిసిల్ల పోయినప్పుడు నా గోడు అంతా అవ్వ దగ్గర వెళ్లబోసుకున్నాను. అవ్వ పీలికలు చుట్టుకుంటూ వింది.

"గా గడ్డి దొర్కకపోతె నీ కొలువు ఏమైతదే?"

నేను అలసిపోయి ఉన్నాను. "సూద్దాంలే అవ్వా" అని అక్కడే చాప మీద ఒరిగి నిద్రపోయాను. గడ్డి దొరికినా దొరకకున్నా కొలువు మార్చి దాకానే అన్న మాట చెప్పనేలేదు. అవ్వ బతుకంతా కూలి. పొలం ఎండితే కూలి పోవడం, పండితే కూలి ఉండటం, ఆమెకు తెలిసిన లెక్క అదొక్కటే. గడ్డి పండకపోతే నా బిడ్డ పని పోతుందని ఆమె తనంతట తానే తేల్చుకుంది.

కవర్లు, చాట, పెన్సిలు సంచిలో వేసుకుని నేను కుంట దగ్గరికి పోయేసరికి పక్క పొలాల్లో కోతలు మొదలయ్యాయి. గట్టెక్కి చూశాను. నివ్వరి ఉంది. సంచిలోంచి చాట తీసుకున్నాను. రెండడుగులు దిగి ఆగిపోయాను. అంచు పొడుగునా కంకులన్నిటికీ ముళ్లు వేసి ఉన్నాయి.

ఎవరో కట్టుకున్నారు. ఇన్నేళ్ల తర్వాత ఈ గింజ కోసం ఇంకా ఎవరు దిగుతున్నారో నాకు అర్థం కాలేదు. చుట్టూ ఎవరూ లేరు. విదిలించుకుని పోతే అడిగే దిక్కు లేదు. అయినా చేయి ముందుకు రాలేదు. ఎవరి ముడి వాళ్లదని చిన్నప్పుడు ఒంటికి పట్టిన మాట, మేడం చెప్పిన మాట కంటే గట్టిది. ఖాళీ చాట చంకలో పెట్టుకుని వెనక్కి తిరిగాను.

తిరుగుతుంటే ఎండకు ఒక పీలిక మెరిసింది. దగ్గరికి పోయి చూశాను. ఆకుపచ్చ గుడ్డకు జరీ పోగు. పక్కదీ అదే, దాని పక్కదీ అదే. మా చెల్లెలి ఇంట్లో గ్యాస్ పైపుకు కట్టిన పీలిక.

చెల్లెలికి ఫోన్ చేశాను. "అవ్వ ఎటన్న పోయిందా ఈ నడుమ?"

"పది దినాల కింద ఎములాడ పోయింది గదక్కా. మొక్కు ఉన్నదన్నది. ఒక్కదానివే ఎట్ల పోతవంటె ఇనలె. పొద్దుగూకినంక అచ్చింది, చీరంత బురద. గుడి గుండం కాడ జారిన అని చెప్పింది."

గుండం కాదు, ఏమీ కాదు. సిరిసిల్ల నుంచి వేములవాడ, అక్కడి నుంచి కోరుట్ల బస్సు, కథలాపూర్ దాటాక దిగి మట్టి దారిలో నడక. మెట్లెక్కడానికి గోడ పట్టుకునే మనిషి మోకాలి లోతు నీళ్లలో దిగి ఒక్క కంకి వదలకుండా కట్టి పోయింది. ఈ జన్మలో మళ్లీ ఆ గడ్డి ముఖం చూడనని ఒట్టు పెట్టుకున్న మనిషి. నేను గట్టు మీద కూర్చుని ఆ ముళ్లన్నీ ఒక్కొక్కటే లెక్కపెట్టాను. నన్ను అంతగా తలుచుకునేవాళ్లు ఉన్నారన్న సంతోషమే అది, అబద్ధం ఎందుకు.

సంతోషం తీరాక వంగి ఒక ముడిని సరిగ్గా చూశాను. ఎర్ర మీసం కంకి, దాని పక్కన తెల్ల మీసం కంకి, మధ్యలో అసలు మీసమే లేని కంకి. ఆ చివరిది పక్క పొలం వరితో కలిసి పుట్టిన సంకరం. మూడు మొక్కలవి, ఒకే ముడిలో. తర్వాతి ముడీ అంతే. ఏది ఏ మొక్క గింజో ఇక దేవుడికి కూడా తెలియదు. విప్పి విడదీద్దామా అంటే ముడి విప్పగానే పండిన గింజ జలజలా నీళ్లలోకి పోతుంది. కట్టని కంకి కోసం అంచంతా వెతికాను. అవ్వ పనిలో లోపం ఉండదు. ఒక్కటి కూడా వదల్లేదు.

మర్నాడు అవ్వను వెంటబెట్టుకుని మళ్లీ వచ్చాను. దొంగతనం బయటపడ్డ పిల్లలా ఉంది ఆమె వాలకం.

"ఎట్ల గుర్తువడితివే?"

"నీ పీలికలు సిరిసిల్ల దాంక మెరుస్తున్నయి."

"నేను దిగొద్దా మరి? నీకు ముడేసుడు అస్తదా? సదువుకున్నోళ్లు ముడేస్తె ఊడుతది." అని చీర ఎగదోపి నాకంటే ముందు నీళ్లలో దిగింది. నేను చాట పట్టాను, ఆమె ముడి విదిలించింది. ప్రతి ముడికీ "సూడు, ఒక్క గింజ పోలే" అని నాకు చూపించింది. ఇన్నేళ్లలో ఆమెను అంత హుషారుగా చూడలేదు. ఈ గింజ కలిసిపోయిందని చెప్పకుండా చాట పట్టుకుని ఆమె వెనకే నడిచాను.

మేడం గింజల్ని తెల్ల కాగితం మీద పోసి వేలితో కదిపి చూశారు. "ఇది కలిసిపోయింది కదా. విడివిడిగా పెంచి వేరు చేయాలంటే ఒక కాలం పడుతుంది. మనకు ఉన్నదే ఒక కాలం." కోపంగా అనలేదు. ఆ మాట అన్నాక నా ముఖం చూసి, టీ తెప్పించారు. తప్పు ఆమెది కాదని నాకు తెలుసు. నాలుగు కుండీల వరుసలు వల గదిలోకి మార్చాం. ఐదో వరుస స్థలం ఖాళీగా ఉంటే మరీ బోసిగా ఉందని నీళ్ల డ్రమ్ము జరిపి పెట్టాం. పిడికెడు గింజ విత్తనాల పెట్టెలో పడేసి, మిగిలింది నేను ఇంటికి తెచ్చుకున్నాను.

ఆ ఆదివారం సిరిసిల్లలో అవ్వే దంచింది, చెరిగింది, వండింది. గోడ అవతల సాంచాలు టకటకమంటున్నాయి. చెల్లెలు వాసన చూసి "నాకు రేషన్ల అచ్చే కంట్రోల్ బియ్యమే మంచిగున్నయ్" అని లేచిపోయింది. అవ్వా నేనూ ఎదురెదురుగా కూర్చున్నాం. ఎర్రటి అన్నం, మీద చింతపండు పులుసు. అవ్వ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని నమలడం ఆపి నన్ను చూసింది.

"గిదేనా మీకు వెట్టి సాదింది నేను?"

"గిదే."

"ఏం రుచి లేదు గదనే దీనికి."

"అప్పుడు గూడ లేకుండె."

ఇద్దరం నవ్వాం. అవ్వ నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది, పులుసు ఘాటని చెప్పింది. తర్వాత అడిగింది.

"నీ కొలువుకు ఇగ ఢోకా లేదు గద?"

"లేదవ్వా."

"అయితె అచ్చే ఏడు గూడ పోయి కట్టస్త. మోకాళ్లు జర గుంజినయ్ గని, ఏం కాదు."

నేను ఆలోచించలేదు. పొలంలో కూలివాళ్లకు చెప్పీ చెప్పీ నోటికి అలవాటైన మాట, అదే వచ్చేసింది. "కట్టేటప్పుడు ఏ మొక్కకు ఆ మొక్క కట్టవ్వా. రెండు మొక్కలు ఒక్క ముడిల కలుపకు."

అవ్వ చేయి కంచంలోనే ఆగింది.

"అంటే గివి పనికి రాలే."

నేను పులుసు కలుపుకున్నాను. ఆమె కంచంలోని అన్నం వైపు చూసింది.

"గందుకేనా గిన్ని ఇంటికి తెచ్చినవ్?"

"ఔనవ్వా."

ఇక దాచి లాభం లేదు. మొత్తం చెప్పాను. మూడు రకాల మీసాల సంగతి, డ్రమ్ము సంగతి, పూడిక సంగతి. ఆమె మళ్లీ పోయేనాటికి అక్కడ కట్టడానికి ఏమీ ఉండదని చెప్పాను. కొలువు మార్చి దాకానేనని, గింజ మంచిగా వచ్చినా అంతేనని కూడా చెప్పాను. అవ్వ ఎడమ చేత్తో మోకాలు నిమురుకుంటూ కూర్చుంది. ఆమె తిడుతుందేమో అనుకున్నాను, ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడుపొచ్చింది నాకే. నడి వయసుకొచ్చినదాన్ని, కంచం ముందు కూర్చుని చిన్నపిల్లలా ఏడ్చాను.

అవ్వ నా కంచం నా వైపు జరిపింది.

"తిను ముందుగాల. సల్లారితె గొంతు దిగది."